ఇస్త్రీ పంచెలో మావయ్య

మా చిన్నతనంలో వేసవి సెలవులకు కూడా ఒక పద్ధతి ఉండేది. ఎండ ఎక్కేలోగా పని ముగించాలి, మధ్యాహ్నం చదువుకోవాలి, సాయంత్రం పెద్దలు పిలిస్తే పలకాలి. ఈ వేసవిలో మా తమ్ముడి మనవరాలు డిజైను కాలేజీ కోసం పోర్ట్‌ఫోలియో తయారుచేస్తానని మా ఇంటికి వచ్చి, బారెడు పొద్దెక్కాక లేచి, మంచం మీదే కూర్చుని గీస్తున్నది. మందలించబోయాను. అంతలో నా బొమ్మల కట్ట సంగతి జ్ఞాపకం వచ్చి ఊరుకున్నాను. (నేను ఊరుకోవడం అరుదు గనుక ఆ సంగతి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.)

నేను చిత్రకళ కళాశాలలో చేరదలచుకున్న ఏడాది, ‘పనిలో ఉన్న మనుషులు’ అనే అంశం మీద వేసవిలో బొమ్మలు గీసి, ఇంటర్వ్యూకు తీసుకురమ్మన్నారు. మా నాన్నగారు ఒక్కటే మాట చెప్పారు: “సీటొస్తే బొమ్మలు. రాకపోతే కామర్సు.” ఆయన రెండోసారి చెప్పే మనిషి కారు. నేను బొమ్మల అట్ట, కాగితాలు, పెన్సిళ్ళు సర్దుకుని కడియంలో మావయ్యగారి మొక్కల నర్సరీకి వెళ్ళాను. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఖాళీగా ఉండే మనిషి ఉండడు. నాకు కావలసింది అదే.

నాకు అప్పటికే క్రమం మీద మక్కువ ఎక్కువ. ఏ రోజు ఎవరి బొమ్మో టైంటేబులు రాసి వరండా స్తంభానికి అంటించాను. అంతటితో ఆగక ముందురోజు సాయంత్రమే వెళ్ళి, “రేపు మీ వంతు, సిద్ధంగా ఉండండి” అని మర్యాదగా చెప్పి వచ్చేదాన్ని. వాళ్ళు చాలా బాగా సిద్ధమయ్యారు. మామిడి అంట్లు కట్టే ఆవిడ పట్టుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చి కుర్చీ అడిగింది. అంటు కట్టమంటే, చీరకు మట్టి అంటుతుందని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మొక్కలు ఎక్కించే లారీ డ్రైవరు నూనె రాసి నున్నగా దువ్వుకుని, క్రోటన్ కుండీని బహుమతి కప్పులా పట్టుకుని నిలబడ్డాడు. “ఆయ్, జేబులో రుమాలు కూడా పడాలండి అమ్మాయిగారూ. మాయావిడ కొందండి” అన్నాడు. అత్తయ్య సంగతి సరేసరి. ఆవకాయ కలుపుతుండగా గీస్తానంటే, ఆ అవతారంలో బొమ్మేస్తే అన్నం పెట్టనన్నది. మావయ్య ఇస్త్రీ పంచె కట్టి, చేతిగడియారం కనబడేలా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో పెదవి కదపకుండానే, “గడియారం పడిందా అమ్మడూ?” అని అడుగుతూ వచ్చారు. నేనూ తక్కువ దాన్ని కాను. ఎవరైనా కదిలితే కసిరేదాన్ని.

మావయ్య బొమ్మ పూర్తయిన సాయంత్రమే గాలివాన వచ్చింది. పందిరి తాటాకులు లేచిపోయి, కుండీలు దొర్లిపోతున్నాయి. మావయ్య గోనెసంచి నెత్తిన వేసుకుని, పంచె పైకి ఎగ్గట్టి, రెండు చంకల్లో రెండు కుండీలతో బురదలో పరుగెత్తారు. (నేను వెళ్ళి సాయం చేసి ఉండవలసింది. చెయ్యలేదు.) వరండాలో చేతికి అందిన కాగితం తిప్పి, దాని వెనుకవైపు గబగబా గీసేశాను. వంతు ప్రకారం గీసినది కాదు గనుక దాన్ని బొమ్మగా లెక్కపెట్టలేదు. తరువాత మరచిపోయాను కూడా.

ఇంటర్వ్యూలో పెద్ద మాస్టారు కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. పట్టుచీర చూశారు, రుమాలు చూశారు, గడియారం చూశారు. కళ్ళజోడు తీసి, “మీ ఊళ్ళో ఎవరూ పని చెయ్యరామ్మా?” అన్నారు. నాకు కళ్ళముందు కామర్సు పుస్తకాలు కనబడ్డాయి. అప్పుడాయన ఆఖరి కాగితం వెనక్కి తిప్పి, చాలాసేపు చూశారు. మళ్ళీ ముందువైపు చూశారు. “ఈయనా ఆయనా ఒకరేనా?” అన్నారు. మావయ్యేనండి అన్నాను. ఆయన బిగ్గరగా నవ్వి, మిగతా కట్టను పక్కకు జరిపారు.

సీటు వచ్చింది. మావయ్య బొమ్మ వల్లే వచ్చిందని కడియం వెళ్ళి చెప్పాను. అది నిజమే. ఏ వైపు అన్నది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. గడియారం జనానికి కనబడుతుంది. గోనెసంచి గోడకు కనబడుతుంది. ఇప్పటికీ అది అలాగే ఉంది.

ఇదంతా తలచుకుని నిన్న సాయంత్రం మనవరాలి కట్ట తీసి చూశాను. అందులో నేనున్నాను: ముడి ఊడిపోయి, పాత నేతచీర కుచ్చిళ్ళు దోపుకుని, నిచ్చెన మీద బూజు దులుపుతూ, కింద ఎవరినో కేకలేస్తున్నాను. చెయ్యి నిజంగా కదులుతున్నట్టే ఉంది. బొమ్మ చాలా బాగుందని నాకు తెలుసు. నలభై ఏళ్ళు పిల్లలకు డ్రాయింగు నేర్పినదాన్ని, ఆ మాత్రం తెలియదా? అయినా నోటివెంట వచ్చిన మాట మాత్రం వేరు.

“ముందే చెబితే చీర మార్చుకునేదాన్ని కదే.”