చెయ్యి అందే ఎత్తు

మా ఆయన తాపీ పనిలో కింద నిలబడి ఇటుకలు పైకి విసురుతారు. పరంజా మీద నిలబడి వాటిని పట్టుకుని గోడ కట్టేది మా అన్నయ్య. వయసులో ఉన్నప్పుడు ఇద్దరిదీ ఒకే వాలీబాల్ జట్టు. ఈయన బంతి లేపితే అన్నయ్య ఎగిరి కొట్టేవాడు. ఆ స్నేహంతోనే నన్ను ఈయనకిచ్చి చేశారు. నన్నెవరూ అడగలేదనుకోండి, అది వేరే గొడవ.

ఆ ఆట ఈయన కళ్ళకి ఒక జబ్బు అంటించింది. ఎవర్ని చూసినా ముందు భుజాలూ మోకాళ్ళే చూస్తారు. బస్సు దగ్గర ముసలావిడ కనిపిస్తే, "ఆవిడకి ఆ మెట్టు అందదు" అంటూ ముందే లేచి వెళ్ళి చెయ్యిస్తారు. కొత్త కూలీ నడిచొస్తుంటేనే ఎంత బరువు మోస్తాడో చెప్పేస్తారు. ముఖాలు మాత్రం చదవడం రాదు. నేను అలిగినా తెలియదు మహానుభావుడికి.

ఈయన విసిరిన ఇటుక అన్నయ్య చేతి దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగినట్టుండేది. అన్నయ్య చూడకుండానే అందుకునేవాడు. గోడ కట్టడం తప్ప అన్నయ్యకి ఇంకో పని రాదు. ఆ చేతి మీదే ఇల్లు గడవాలి.

మొన్న ఈయనకి జ్వరమొచ్చి పనికి వెళ్ళలేదు. బదులుగా ఇంకో కూలీ విసిరాడు. మామూలుగా, అందరికీ విసిరినట్టే. అన్నయ్య కుడిచెయ్యి అంత ఎత్తుకి లేవలేదు. ఇటుక పక్కటెముకలకి తగిలి పరంజా మీదే కూలబడ్డాడు. కిందపడలేదు, అదే పదివేలు.

ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి మెడలో నరం నలిగిపోయిందన్నారు. చేతిలో బలం కొన్నాళ్ళుగా తగ్గుతూ వచ్చుంటుందట. మొదట్లోనే చూపించుకునుంటే నయమయ్యేదట. ఇప్పుడు ఆపరేషన్ చేసినా గోడ కట్టే చెయ్యి తిరిగి రాదన్నారు.

"మాకేం తెలుసండీ, మొన్నటిదాకా పట్టుకుంటూనే ఉన్నారు కదా" అని వదిన లబోదిబోమంది.

ఈయన జ్వరంతోనే వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు అనుమానమొచ్చింది.

"మీకు ముందే తెలుసా?" అని నిలదీశాను.

"వానలకి ముందు నుంచీ చెయ్యి ఆలస్యంగా వస్తోంది," అన్నారు నేల చూస్తూ. "అందుకే కాస్త కిందకి వేస్తూ వచ్చాను. ఆటలో అంతేగా. కొట్టేవాడు ఎగరలేని రోజు బంతి కిందకి లేపాలి. ఆ సంగతి వాడికి తెలియకూడదు. తెలిస్తే ఇక ఎగరడు."

"ఇది ఆటా?" అన్నాను. నా గొంతు వార్డంతా వినపడింది, వినపడనీ. "ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అన్నయ్య మెలకువగానే ఉన్నాడు. అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"బాగా వేశావు బావా," అన్నాడు మెల్లగా. "నాకే తెలియలేదు."

మా ఆయన మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అన్నయ్య తల గోడవైపు తిప్పుకున్నాడు. నేనూ ఓదార్చలేదు.