ఈశ్వరయ్య సేటు ఇంగువ ఎర

కొడకండ్లలో ఈశ్వరయ్య సేటు కిరాణా దుకాణం తెలియనివాళ్లు లేరు. ఆయనకు చేపల పిచ్చి ఉందని తెలియనివాళ్లూ లేరు. ఆయన భార్య రమాదేవి మాత్రం తెలియనట్టే ఉండేది. శనివారం పూట ఉల్లిగడ్డ కూడా గడప దాటని ఇల్లది మరి.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి, వెదురు గాలం భుజాన వేసుకుని ఊరి కింది వాగుకు పోయేవాడు. తినడానికి కాదు. చిక్కిన చేపను తడి అరచేతిలో పట్టుకుని, పొలుసుల మెరుపు ఒక్క నిమిషం చూసుకుని, మెల్లగా నీళ్లలోకి వదిలేసేవాడు. వానపాముల్ని ముట్టడు కనుక ఆయన ఎర కూడా శాకాహారమే. గోధుమపిండి ముద్ద, అందులో చిటికెడు ఇంగువ. ఆ వాసనకు పరక చేపలు ఎగబడేవి.

"సేటు ఎర తిన్న చేపకు మళ్ల పోపు పెట్టే పని లేదు," అని నవ్వేవాడు జాల్యా. తండాలో ఉండే జాల్యాకు వాగు ఒడ్డునే మక్కచేను. ఇరవై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే బండ. ఒకరి చేపలు కూరలోకి, ఇంకొకరివి తిరిగి వాగులోకి.

వాగు మీద చెక్‌డ్యాం కట్టినప్పుడు నీళ్లు నిలుస్తాయని అందరికంటే ముందు సంబరపడింది ఈశ్వరయ్యే. నీళ్లయితే నిలిచాయి. ఎప్పటిలాగే వరదకు చేపలు కింది నుంచి ఎదురెక్కుతూ వచ్చాయి. గుడ్లు పెట్టాలంటే అవి పైనున్న చెరువు దాకా పోవాలి. దారిలో ఇప్పుడు నాలుగడుగుల గోడ. ఎగిరెగిరి గోడకు కొట్టుకుని పడ్డవాటిని జనం గంపల్లో ఎత్తుకుపోయారు. ఆ ఏడు ఊరంతా చేపల పులుసు వాసన. మూడో ఏటికి గోడకు పైన చేప అన్నదే లేదు. ఆ పైనున్న తమ బండ మీద ఈశ్వరయ్య గాలం వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటే, పిండిముద్ద నానిపోయి కరిగిపోయేది.

ఒక సాయంత్రం గాలం తెచ్చి దుకాణంలో తరాజు పక్కన మేకుకు తగిలించాడు. "చేపలు మళ్ల పైకెక్కినంకనే దీన్ని ముట్టుకుంట," అన్నాడు జాల్యాతో.

లోపలి నుంచి రమాదేవి, "ఎంకన్న దేవుడు నా మొర ఇన్నడు," అంది.

నాలుగు ఆదివారాలు గడిచేసరికి ఆ మొర ఎందుకు పెట్టుకున్నానా అనిపించింది ఆమెకు. మనిషి ఇంట్లోనే ఉండి డబ్బాలు సర్దినవే సర్దుతున్నాడు.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు. దుకాణం కూడా సగం రోజులు మూతే. చేపలకు దారి పెట్టమని ఈశ్వరయ్య దరఖాస్తు రాసుకుని మండలాఫీసుకు పోతే, తీసుకోవాల్సిన గుమాస్తా భూపాల్ బస్టాండు దగ్గర జేఏసీ దీక్షా శిబిరంలో మెడలో దండతో కూర్చుని ఉన్నాడు.

"రాష్ట్రం అచ్చినంక తీస్కరా సేటు," అన్నాడు భూపాల్.

"రాష్ట్రం ఎట్లయినా వస్తది. వాన ఆగితే చేపలు రావు గద."

నిజమే. ఆ ఏడు వానలు ఆలస్యం. సెప్టెంబరు ఆఖరున ముసురు పట్టి వాగు నిండుగా పారుతోంది. పది రోజులు పారితే గొప్ప. అంతలో చేపలు ఎక్కాయా సరే, లేదంటే ఇంకో ఏడాది గాలం మేకుకే.

శిబిరంలో రోజుకో తీరు నిరసన. రోడ్డు మీద వంటావార్పు అయింది, కబడ్డీ అయింది, క్షవరాలూ అయ్యాయి. రేపేం చేద్దామని అందరూ తల గోక్కుంటున్న పూట ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు.

"రేపటి వంటావార్పు వాగు కాడ పెట్టుకుందాం. సామాను నాది. అందరు తలా రెండు ఇసుక సంచులు మొయ్యాలె. చేపలకు తొవ్వ కడుదాం."

"చేపలు గుడ జేఏసీల చేరినయా?" అన్నాడు భూపాల్. అందరూ నవ్వారు. తెల్లారి అందరూ వచ్చారు.

దుకాణంలోని ఖాళీ సంచులన్నీ వాగుకు చేరాయి. తండా నుంచి జాల్యా పాతికమందిని తెచ్చాడు. పేర్చడం ఈశ్వరయ్య వంతు. నలభై ఏళ్లుగా గోదాములో బస్తాలు పేర్చిన చెయ్యి అది. సందు లేకుండా, సంచి పక్కన సంచి, గీత గీసినట్టు. మధ్యాహ్నానికి గోడ అంచు నుంచి కింది మడుగు దాకా నున్నటి వాలు తయారైంది. నీళ్లు దాని మీద సర్రున జారాయి.

చేపలు ఎగిరాయి. సగం దాకా వచ్చి, అంతకంటే వేగంగా కిందికి జారాయి. మళ్లీ ఎగిరాయి, మళ్లీ జారాయి. గరిటెలు పట్టుకున్నవాళ్లు గరిటెలతోనే నిలబడిపోయారు.

ఒడ్డున వజ్రమ్మ తన గంప పక్కన కూర్చుని పొద్దుటి నుంచీ చూస్తోంది. చేపలమ్మి ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి.

"సేటు, గిది చేపల తొవ్వనా, జారుడుబండనా?"

ఈశ్వరయ్య తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"బియ్యం బస్తాలు పేర్చినట్టు పేర్చినవ్. గవి గుడ్ల మీదున్నయి. నెలలు నిండిన ఆడిది గుట్టెక్కితే నడుమల ఏం జేస్తది?"

"కూసుంటది," అన్నాడు జాల్యా.

"మరి కూసునే జాగ ఏది?"

ఈశ్వరయ్య తన పేర్పు వైపు చూశాడు. ఒక్క సంచి కూడా వంకర లేదు. వంగి మొదటి సంచి తనే పీకాడు.

ఈసారి వజ్రమ్మ చెప్పింది, ఆయన మోశాడు. "గది అడ్డం పెట్టు. గిక్కడ బండరాయి. గాడ గుంత ఇడువు." మెట్టు మెట్టుకూ బానెడు నీళ్లు నిలిచే గుంత వచ్చింది. నీళ్లు వంకర్లు తిరుగుతూ, ఆగుతూ దిగసాగాయి. వజ్రమ్మ తన గంపను బోర్లించి దాని మీద కూర్చుంది. "ఇయ్యాల ఎవ్వలు గంప ముట్టొద్దు," అంది. ఎవరూ ముట్టలేదు.

ఒక పరక మొదటి గుంతలోకి ఎగిరింది. ఆగింది. మొప్పలు ఆడించింది. రెండో గుంత, మూడో గుంత. గోడ అంచున ఒక్కసారి వెండిలా మెరిసి పైనీళ్లలోకి పోయింది. దాని వెనక ఇంకోటి. తర్వాత లెక్క పెట్టడం మానేశారు.

భూపాల్ పిడికిలెత్తి "జై తెలంగాణ" అన్నాడు.

"జర మెల్లగ అను కొడుకా, బెదురుతయి," అంది వజ్రమ్మ. ఆ తర్వాత శిబిరమంతా గుసగుసగా జై కొట్టింది. పులిహోర గిన్నె పట్టుకుని వచ్చిన రమాదేవి కూడా, ఎవరూ చూడటం లేదనుకుని, ఒకసారి అంది.

తర్వాతి ఆదివారం ఈశ్వరయ్య దుకాణం మూయబోతూ మేకు వైపు చూస్తే గాలం లేదు. పరేషాన్‌గా ఇంట్లోకి పోయాడు. గాలం వంటింటి గుమ్మానికి ఆనించి ఉంది. రమాదేవి అరటాకు ముక్కలో చుట్టిన పిండిముద్ద ఆయన చేతిలో పెట్టింది.

"ఇంగువ జర ఎక్కువనే ఏసిన," అంది. "చాన దూరం ఎక్కొచ్చినయి, ఆకలి మీద ఉంటయి."