అవ్వ తొడ ఎముకకు రాడ్డు వేసిన రోజు

ఎల్లారెడ్డిలో మా పుట్టింటి బాత్రూం గడప దాటుతూ అవ్వ జారిపడింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. వయసు ఎనభైకి దగ్గర పడింది. అదే ఊళ్లో ఉన్న మా అత్తగారింటి నుంచి నేను పరుగెత్తుకు వచ్చేసరికి ఆమె కుడి పాదం బయటికి తిరిగిపోయి, కాలు పొట్టిగా కనిపిస్తోంది. ముట్టుకోనివ్వడం లేదు.

అన్న కట్టు కట్టిద్దామన్నాడు. "ఈ వయసుల కోయిస్తవా? గుండె ఆగితే జవాబు ఎవరు చెప్తరు?" అని నా మీదికి లేచాడు. నేను వినలేదు. అంబులెన్స్‌లో కామారెడ్డికి తీసుకెళ్లాం. గుంత వచ్చినప్పుడల్లా అవ్వ నా చేతిలో గోళ్లు దిగేలా పట్టుకుంది.

డాక్టర్ ఎక్స్‌రే చూపించాడు. తుంటికి కాస్త కింద ఎముక విరిగింది.

"లోపల రాడ్డు వేసి బిగించాలి. గుండె బలహీనంగా ఉంది కాబట్టి రిస్కే. కానీ వేయకపోతే మంచం దిగరు. పుండ్లు పడతాయి, ఛాతీలో నెమ్ము చేరుతుంది. ఆలస్యం చేయకండి."

మేమిద్దరం వరండాలో గొడవపడుతుంటే వార్డులోంచి అవ్వ కేకేసింది.

"నన్నడుగుండ్రి! కాలు నాది. మంచంలనే అన్నీ చేసి మీతోని ఎత్తిపోయించుకునుడు నాతోని కాదు. కొయ్యుమనుండ్రి."

మర్నాడు పొద్దున థియేటర్‌లోకి తీసుకెళ్లారు. నడుము కిందికే మత్తిచ్చారు. చిన్న ఆసుపత్రి కావడంతో ఎముకలోకి రాడ్డు దిగ్గొట్టే సుత్తి చప్పుడు తలుపు దాటి వచ్చింది. కాసేపటికి ఆగిపోయింది. నర్సు గబగబా వచ్చి, "బీపీ పడిపోతుంది. ఇంకో బాటిల్ రక్తం కావాలె, జల్ది తెండ్రి" అంది.

అన్న పరుగెత్తి తెచ్చాడు. రక్తం లోపలికి వెళ్లాక కూడా చప్పుడు లేదు. అన్న గోడకు ఆనుకుని, "నువ్వే తెచ్చినవ్" అన్నాడు. ఆమెకేమైనా అయితే ఆ మాట జీవితాంతం మా మధ్య ఉంటుందని తెలుస్తూనే ఉంది.

అప్పుడు మళ్లీ సుత్తి మోగింది. అన్న కింద కూలబడి ఏడ్చాడు.

మరుసటి రోజే వాకర్ ఇచ్చి అవ్వను నిలబెట్టారు. "గింత నొప్పయితదని ముందుగాల చెప్పద్దా?" అని వ్యాయామం చేయించే అతన్ని తిడుతూనే ఒక అడుగు వేసింది. అన్న పట్టుకోబోతే చేయి తోసేసింది.

ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది. కొంచెం కుంటుతుంది, కింద కూర్చోలేదు. థియేటర్ బయట అన్న నోట వచ్చిన "నువ్వే తెచ్చినవ్" అనే మాట గురించి మేమిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు.