ఇరవై రెండేళ్ళ పుట్టు వెంట్రుకలు

మా ఇంట్లో మగవాళ్ళకు సెలూనుతో పెద్దగా పని ఉండేది కాదు. కత్తెర నాది, కింద పరిచే గోనెసంచి నాది, తల మాత్రం వాళ్ళది.

పెళ్ళయి విజయనగరం దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చినప్పుడు మా అమ్మ ఆ కత్తెరను నా ట్రంకుపెట్టెలో పెట్టింది. బట్టలు కుట్టుకుంటానని ఆవిడ ఆశ. నాకు కుట్టు రాలేదు. వాడని ఇనుము తుప్పు పడుతుంది కదా అని దాన్ని మొదట మా ఆయన తల మీద ప్రయోగించాను. ఆయన అప్పుడు ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసేవారు. చెవులు కనబడితే నామోషీ అనుకునే కాలం అది. కుర్రాళ్ళందరూ చెవులు కప్పేలా జుట్టు, దవడల దాకా చెంపల జుట్టు పెంచేవారు. ఆ జుట్టుతో మిల్లు వేడిలో నిలబడి, తల ఉడికిపోతోందని ఇంటికొచ్చి నాతో మొరపెట్టుకునేవారు ఈయన. ఒక ఆదివారం కుర్చీలో కూచోబెట్టి, పప్పు గిన్నె తల మీద బోర్లించి, అంచు వెంబడి కత్తిరించేశాను. మర్నాడు మిల్లులో అందరూ "ఏ సెలూన్ భయ్యా?" అని అడిగారట. మెచ్చుకునే అడిగారని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

తర్వాత మా అబ్బాయి. వాడి కాలానికి ముందు పొట్టి, వెనక మెడ మీద పొడవు. ఆ తోక దేనికని నేను అడిగాను, వాడు చెప్పలేకపోయాడు, అది పోయింది.

ప్లాంటు వాళ్ళిచ్చిన మా సెక్టారు వీధిలో ఎన్ని క్వార్టర్లో అన్ని రకాల తలలు ఉండేవి. పక్కింటి పంజాబీ ఆమె ఆదివారం ఆదివారం తన ముగ్గురు మగపిల్లల జుట్టు పెరుగుతో రుద్ది, మెట్ల మీద వరసగా కూచోబెట్టి ఎండలో ఆరబెట్టేది. ఆరాక నడినెత్తిన ముడివేసి, దాని మీద చిన్న చేతిరుమాలు బిగించేది. ఎదురింటి మలయాళీ ఆమె తెల్లవారేసరికి తలస్నానం చేసి, తడి జుట్టు కొసన చిన్న ముడి వేసుకుని, అందులో తులసి పెట్టుకునేది. బెంగాలీ ఆమె కొప్పు మెడ మీద వదులుగా జారుతూ ఉండేది, ఎన్నడూ ఊడిపోయేది కాదు. గిన్నెలు తోమడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆమె కొప్పును ఒక పక్కకు చుట్టి, వెండి పిన్ను గుచ్చి, రంగు ఊలు కుచ్చులు వేలాడదీసుకుని వచ్చేది. పండగ కాకపోయినా సరే. నాకు మాత్రం బిగించి అల్లిన ఒక జడ, ఆముదం నిగనిగ. రిబ్బను కట్టే అలవాటు లేదు. పాత చీర అంచు చింపితే దారం వస్తుంది.

ఆ వీధిలో ఒక చిక్కు ఉండేది. మా వైపు మంగళవారం, శుక్రవారం జుట్టు కోయరు. ఉత్తరాది వాళ్ళు గురువారం, శనివారం కోయరు. సోమవారం శివుడిదని ఇంకొకరు. ఎవరి శాపం ఎందుకని నేను అందరి వారాలూ పాటించేదాన్ని. అన్నీ తీసేస్తే బుధవారం, ఆదివారం మిగిలేవి. బుధవారం ఆయనకు డ్యూటీ. కాబట్టి మా ఇంట్లో కత్తెర ఆదివారమే తిరిగేది.

ఇంతమంది తలల మీద తిరిగిన కత్తెర ఒక్క తల మీద మాత్రం తిరగలేదు. అది నా మనవరాలిది, మా అబ్బాయి కూతురిది. దాని జుట్టు మోకాళ్ళు దాటింది. నేనే నూనె రాసి, కుంకుడుకాయలు కొట్టి, నురగ తీసి పెంచాను. బజారుకు తీసుకెళితే ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఆగి ముట్టుకునేవారు. "ఏం పెడతారు మాతాజీ?" అని అడిగేవారు. "మా ఇంటి ఆడపిల్ల జుట్టుకు కత్తెర తగలనివ్వం. మా కట్టుబాటు" అని చెప్పేదాన్ని. ఆ మాట విని విని పిల్ల కూడా నమ్మింది. స్కూల్లో వెనక బెంచీ వాళ్ళు జడను బెంచీకి కట్టేసిన రోజు ఏడుస్తూ వచ్చి కత్తిరించమంది. కట్టుబాటు అన్నాను. కళ్ళు తుడుచుకుని హోంవర్కుకు కూచుంది.

అటువంటి కట్టుబాటు మాకేమీ లేదు. అసలు సంగతి వేరు.

పిల్ల పుట్టినప్పుడు నెలలు నిండలేదు. పది రోజులు గాజుపెట్టెలో పెట్టారు. సింహాచలం అప్పన్నకు దండం పెట్టి, పిల్ల ఇంటికొస్తే పుట్టు వెంట్రుకలు నీ కొండ మీదే తీయిస్తానని మొక్కుకున్నాను. వచ్చింది. అవి తీయించేదాకా ఇంకే కత్తెరా తగలకూడదు. బేసి ఏడు రావాలి, మొదటిదో మూడోదో అయిదోదో. మొదటి ఏడు మా అబ్బాయికి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మూడో ఏడు మా ఆడపడుచు కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఎలాగూ విజయనగరం పెళ్ళికి వెళ్తాం కదా, ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అవుతాయని ఆగాను. పెళ్ళికొడుకు రాయపూర్ వాడు దొరికాడు, పెళ్ళి ఇక్కడే చేశారు. అయిదో ఏడు మా బావగారు పోయి ఏడాదంతా మైల. ఏడో ఏడు ఊళ్ళో ఎవరిదో గృహప్రవేశం ఉంటుందన్నారు, దానికోసం చూశాను. ఆ తర్వాత ఏళ్ళన్నీ అలాగే దాటాయి. ఉత్తి మొక్కు కోసం అంత దూరం టికెట్టు కొనడానికి నాకు చేయి రాలేదు. ఇది మా ఆయనకు, నాకు మాత్రమే తెలుసు. అబ్బాయికీ కోడలికీ మొక్కు సంగతి తెలుసుగాని, కొండకు డబ్బు పంపించి తీర్చేశాననుకున్నారు. వాళ్ళు అనుకున్నదాన్ని నేను సరిచేయలేదు.

ఈ ఏడు పిల్లకు ప్లాంటులో అప్రెంటిస్ వచ్చింది. మా ఇంట్లో తాత తర్వాత ఆ గేటు లోపలికి వెళ్ళే మనిషి అది. సోమవారం చేరాలి. గురువారం సాయంత్రం పసుపు హెల్మెట్ పట్టుకుని, ఆయన రిటైరయ్యాక మేమంతా ఉంటున్న రిసాలి ఇంటికొచ్చింది. కొప్పు చుట్టి హెల్మెట్ పెట్టుకుంటే చుట్టకుదురు మీద కుండలా నిలబడింది. కొప్పు విప్పి పెట్టుకుంటే జడ కిందికి వేలాడింది.

"నేర్పే సార్ సాఫ్ చెప్పీసారు మామ్మా. జుట్టంతా హెల్మెట్ లోపలుండాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపీస్తారు. రోలర్లలో చిక్కుకుంటే మనిషి పోద్ది. నాను బాయ్ కట్ చేయించుకుంటాను."

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"మన ఇంట ఆడపిల్ల జుట్టుకు..."

"కట్టుబాటు. తెలుసు. ఆ కట్టుబాటు వొచ్చి మిల్లులో నా బదులు నిలబడుద్దా?"

నాకు ఎదురు మాట్లాడే పిల్ల కాదు అది. హెల్మెట్ బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. అన్నానికి పిలిస్తే రాలేదు. శుక్రవారం కూడా అలక తీరలేదు. పిల్లకు ఉద్యోగం కావాలి, నాకు మొక్కు కావాలి. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క జడ. సింహాచలం వైపు బళ్ళలో టికెట్టు దొరుకుతుందేమో చూడమని మా ఆయన్ని పంపాను. ఆయన ఉత్తచేతులతో వచ్చి అరుగు మీద చతికిలబడ్డారు.

"లేవు. ఉన్నా సోమవారం పొద్దుటికి తిరిగి రాలేం. ఇరవై రెండేళ్ళు కూకుని ఇరవై రెండు గంటల్లో తీర్చీద్దామనుకున్నావేటే?"

"నెమ్మదిగా అనండి. లోపల పిల్లుంది."

"ఉందనే అంటున్నాను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్పాను. గుమ్మంలో నిలబడి, గాజుపెట్టె దగ్గర్నుంచి గృహప్రవేశం దాకా చెప్పాను. చెప్తున్నంతసేపూ పిల్ల జడ కొస పట్టుకుని వేలికి చుట్టుకుంటోంది.

"అంటే ఈ కొసనున్నది నాను పుట్టినప్పటి జుట్టా?"

"అవును."

"గాజుపెట్టెలో ఉన్నప్పటిది?"

"అవునే."

కొసను వెలుతురులో పెట్టి చూసింది. అక్కడ జుట్టు పల్చగా, గోధుమరంగులో, జొన్నపొత్తు పీచులా ఉంటుంది. 

"బెంచీకి కట్టీసిన రోజున చెప్పలేదు నువ్వు" అంది.

"చెప్పలేదు. తప్పు నాదే."

ఆ మాట నా నోట వినడం ఆ ఇంట్లో అందరికీ కొత్త. వంటింట్లోంచి మా కోడలు గరిటె పట్టుకుని బయటికొచ్చి చూసింది. పిల్ల నా మొహం చూసి, ఇంక ఆపుకోలేక నవ్వేసింది. 

"టికెట్టు మిగులుద్దని నన్ను ఇరవై రెండేళ్ళు పుట్టుజుట్టుతో తిప్పావు. నీ పొదుపు నా తల మీద మోకాళ్ళ దాకా పెరిగింది మామ్మా."

నవ్వినంత మాత్రాన మొక్కు తీరదు. మా వైపు ఒక దారి ఉంది. కొండకు వెళ్ళలేనివాళ్ళు మేనమామ చేత మొదటి కత్తెర వేయించి, ఆ జుట్టును పసుపు గుడ్డలో ముడుపు కట్టి, తర్వాత తీసుకెళ్ళి సమర్పిస్తారు. శనివారం కుమ్హారిలో ఉండే కోడలి తమ్ముడికి కబురు చేశాను. ఆదివారం పొద్దున్నే మోటారుసైకిల్ మీద వచ్చాడు. అతనికి నలభై ఏళ్ళు. టోపీ తీస్తే నెత్తి అద్దంలా మెరుస్తుంది.

"అత్తయ్యా, ఈ తల చూసి కూడా నా చేత్తో కోయిస్తారేటి? పిల్లకు అంటుకుంటే?"

"నీది నెత్తి జబ్బు. చేతికి లేదు. కూచో."

"మావయ్యా, సీదా కొయ్యి. వంకర పోతే నీకు పెళ్ళి భోజనం లేదు" అంది పిల్ల.

"ముందు నీ పెళ్ళి అవనీ కోడలా. హెల్మెట్ పెట్టుకుని పీటలెక్కుతావు నువ్వు."

అరుగు మీద గోనెసంచి పరిచాం. పిల్లను తూర్పు మొహంగా పీట మీద కూచోబెట్టాను. జడకు పైనా కిందా దారం కట్టి, కత్తెరకు పసుపు, కుంకుమ పెట్టి అతని చేతికిచ్చాను. మూడు చిన్న కత్తెర్లు వేసి, నా వాటా అయిపోయిందంటూ నాకు ఇచ్చేశాడు. 

"ఇంక పార్లర్‌కి పోతావా?" అని పిల్లను అడిగాను. ఆ మాట మనస్ఫూర్తిగా అనలేదు, నిజమే చెప్తున్నాను.

"ఎందుకు? మొగోళ్ళందరికీ నువ్వే కదా కోసావు. నాకూ కొయ్యి. పప్పు గిన్నె మాత్రం తేకు."

మెడ దగ్గర దారానికి పైన కత్తెర పెట్టాను. అంత లావు జడ ఒక్కసారి తెగలేదు. చెరుకు నరికినట్టు అయిదారుసార్లు నొక్కాల్సి వచ్చింది. చివరికి చేతిలోకి వచ్చింది. బరువుగా, వెచ్చగా ఉంది. పుట్టినప్పుడు ఈ పిల్ల నా చేతుల్లో ఇంత బరువు ఉందో లేదో. పిల్ల తల అటూ ఇటూ తిప్పి, మెడ వెనక చేయి పెట్టుకుని, "గాలి తగుల్తోంది మామ్మా" అంది. ఆ తర్వాత చెవుల పక్కన, వెనక కత్తిరించాను. కుడివైపు అర వేలెడు పొట్టి అయింది. సరిచేద్దామని ఎడమవైపు కోస్తే అది ఇంకా పొట్టి అయింది. మా ఆయన ఇంక ఆపమని కత్తెర లాక్కున్నారు.

"హెల్మెట్ కింద ఎవడు చూస్తాడులే" అన్నారు.

పిల్ల హెల్మెట్ పెట్టుకుంది. నెత్తి మీద గట్టిగా కూచుంది. సోమవారం పొద్దున్నే ఆ పసుపు హెల్మెట్ చంకన పెట్టుకుని తాత స్కూటర్ వెనక కూచుని వెళ్ళింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదట. జుట్టు కుడి ఎడమలు చూసి తోటి అప్రెంటిస్ అమ్మాయి మాత్రం అడిగిందట, "ఏ పార్లర్, దీదీ?" అని.

జడను పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాను. ఈసారి ఎవరి పెళ్ళి కోసమూ చూడలేదు. ఊళ్ళో అక్కాచెల్లెళ్ళకు కబురు కూడా చెప్పలేదు, చెప్తే ఇంకో పని అంటగడతారు. దొరికిన మొదటి టికెట్లకు మా ఆయనా నేనూ బండెక్కాం. ఉత్తి మొక్కు కోసం. 

కొండ మీద తలనీలాలు తీసే చోట కూచున్నాను. 

"మొక్కు ఎవలిదమ్మా?" అని అడిగాడు క్షురకుడు.

"మనవరాలిది" అని గుడ్డ విప్పి జడ చూపించాను.

"ఇది హుండీలో వేసీండి. మరి మీరెందుకు కూకున్నారు?"

"ఆలస్యానికి" అన్నాను.

క్షురకుడు కుండెడు నీళ్ళు నెత్తిన పోసి, అయిదు నిమిషాల్లో నా తెల్ల జుట్టంతా ఒళ్ళో పోశాడు. అంతా కలిపి పిల్ల జడలో పదో వంతు లేదు. దానికే ఇన్నేళ్ళు అంత ఆముదం రాశాను.

తిరిగొచ్చేసరికి ఆదివారం. తలుపు తీసిన పిల్ల ముందు నన్ను చూసి, తర్వాత తాతను చూసి, మళ్ళీ నన్ను చూసింది. చీర కొంగు తలమీద నుంచి తీశాను.

"నువ్వెందుకిచ్చావు మామ్మా?"

"బేసి ఏడు దాటిపోయింది కదా."

పిల్ల లోపలికి వెళ్ళి హెల్మెట్ తెచ్చి నా నెత్తిన పెట్టి పట్టీ బిగించింది. "ఓలమ్మ, నాకంటే నీకే ఫిట్టింగ్ బాగుంది. రేపు నువ్వే డ్యూటీకి పో" అంది. మా ఆయన అరుగు మీద నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. నాకిప్పుడు రెండు వేళ్ళ జుట్టు, పిల్లకు అయిదు వేళ్ళు. ఇదివరకు దాని తలంటుకు కుంకుడుకాయలు రెండు గుప్పెళ్ళు కొట్టేదాన్ని. ఇప్పుడు ఇద్దరికీ కలిపి తొమ్మిది చాలు. మొన్న ఎనిమిదితో చూశాను, సరిపోయాయి.