ఆమె చంకకర్ర, నా రోకలి

మా పల్లెకు పిండిగిర్ని ఇంకా రాని రోజులు. మక్తల్ అవతల మా ఊళ్ళో నా మొగుడు వడ్రంగి. ఒకనాడు మేకలు కాసే ఒకామె చంకకర్రతో మా వాకిట్లోకి వచ్చింది. బండి చక్రం కింద పడి ఆమె కుడికాలు పోయింది. ఆ కర్రేమో ఎవరో పొడుగాటి మగవాడు వాడి వదిలేసింది. చంకంతా ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి.

"అన్నా, జర పొట్టిగ కోసియ్యవా?" అంది.

కోసిచ్చి పంపితే నేనూ అయ్యో పాపం అనేదాన్ని. ఈయన కోయలేదు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి యక్షప్రశ్నలు మొదలుపెట్టాడు.

"నీళ్ళబిందె ఏ చంకన పెడ్తవు? మేక ఉరికితే ఎటు తిరుగుతవు? వానకు బండల మీద జారుతదా?"

నేను పక్కనే మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉన్నాను. నా వైపు చూస్తే ఒట్టు!

మర్నాడు ఆమెను మళ్ళీ రమ్మని, నిండుబిందె ఎత్తించి మరీ నడిపించాడు. "నిమ్మలంగ చెల్లె, పడితే ఉన్న కాలు గూడ పోతది" అన్నాడు. చెల్లె అన్నాడు, నిజమే. అయినా నా కడుపుమంట చల్లారలేదు. ఆ తర్వాతే కర్ర కోశాడు. చంకకు ఆనేచోట గొంగడి ముక్క చుట్టాడు. పిడిని ఆమె చేతికి అందేలా దించాడు. అడుగున టైరుముక్క కొట్టాడు. చిత్రిక పట్టి, ఎక్కడైనా పేడు లేచిందేమోనని అరచేత్తో నిమిరి నిమిరి చూశాడు. ఆ కర్రకున్న భాగ్యం నాకు లేకపోయిందే అని ఏడుపొచ్చింది.

ఆమె బిందె తొణక్కుండా నడిచిపోయింది. మలుపు తిరిగేదాకా ఈయన చూస్తూ నిలబడ్డాడు. ముఖంలో ఎంత సంబరమో!

నేను లోపలికి పోయి రోట్లో జొన్నలు పోసి ఇల్లదిరేలా దంచాను. ఆ రోకలి మా అత్తది. ఆమె తాడిచెట్టంత మనిషి.

"ఏమైందే?" అంటూ వచ్చాడు.

"ఊరోళ్ళ చంకలకు కొలతలు తీస్తవు. గీ రోకలి నాకు పొడుగైతాంది. పెండ్లైనకాడి నుంచి భుజం గుంజుతాంది. ఒక్కనాడన్న అడిగినవా?"

ఆయన బిత్తరపోయాడు. రోకలి అందుకున్నాడు. నా కోపం సగం దిగింది కూడా. అంతలో అడిగాడు:

"ఏ భుజమే?"

ఆ మేకలామె బిందె ఎడమచంకన పెడుతుందని ఈయనకు తెలుసు. నా పక్కన పడుకునే మనిషికి నా భుజం తెలియదు.

"చూసి తెలుసుకో" అని రోకలి లాక్కుని మళ్ళీ దంచసాగాను. ఆయన మళ్ళీ పనికని అరుగు మీదికి పోలేదు. గడప మీద కూర్చుని, నన్నే చూస్తూ ఉండిపోయాడు.