అమ్మ పేరు దగ్గర ఆగిన స్కాలర్‌షిప్

మా పెద్దమ్మ తెనాలిలో సగం వీధికి జాకెట్లు కుడుతుంది గానీ, నోరు కుట్టుకోవడం మాత్రం ఆమెకు రాదు. ఇంటర్‌లో బాగా మార్కులు తెచ్చుకున్న పిల్లలకు డిగ్రీ ఫీజూ, హాస్టల్ ఖర్చూ ప్రభుత్వమే ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఒకటుంది. ఆ జాబితాలో నా పేరు ఉందని కాలేజీ నుంచి ఫోనొచ్చిన పది నిమిషాల్లో వీధంతా తెలిసిపోయింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ చేతులు చాపి నిలబడి ఉంటే, టేపు మెడలో వేసుకుని సబ్జెక్టుల వారీగా నా మార్కులు చెప్పింది. ఆ జాకెట్టు బిగుతైపోయిందని ఆవిడ మళ్లీ వచ్చింది, అది వేరే సంగతి.

పెద్దమ్మంటే మా అమ్మకు సొంత అక్క. పెదనాన్న పోయాడు, పిల్లల్లేరు. మా అమ్మానాన్నలది రేపల్లె దగ్గర పల్లెటూరు, ఇద్దరూ వ్యవసాయ కూలీలు. నాకు నాలుగేళ్లప్పుడు, తమ్ముడు కడుపులో ఉండి అమ్మకు ఒంట్లో బాగోలేక, నన్ను రెండు నెలలకని తెనాలి పంపారు. ఆ రెండు నెలలు పద్నాలుగేళ్లయ్యాయి. జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, ఆదివారం జడలేసి చర్చికి తీసుకెళ్లిందీ, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టిందీ పెద్దమ్మే. అమ్మ నెలకోసారి రేపల్లె పాసింజర్‌లో, నిజాంపట్నం ఎండుచేపలు పొట్లం కట్టుకుని వచ్చేది. ఎండుచేపలు ఇష్టంగా తినేదాన్ని. అమ్మ దగ్గరికి మాత్రం ఒక పట్టాన వెళ్లేదాన్ని కాదు. నా కోపం అలాంటిది, తొందరగా వస్తుంది, అద్దెకున్నవాళ్లలా ఖాళీ చేయదు.

నాకు బాపట్లలో వ్యవసాయం బీఎస్సీలో సీటొచ్చింది. స్కాలర్‌షిప్ వస్తేనే అక్కడ చేరతాను, రాకపోతే లేదు. నాన్న ఆ మాట దాచకుండానే చెప్పాడు. అప్లికేషన్‌కు శుక్రవారం ఆఖరు. సోమవారం నా కాగితాలన్నీ తీసుకెళ్లి కాలేజీ ఆఫీసులో క్లర్కు సారు ముందు పెట్టాను. ఆయన టెన్త్ మెమో, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి ఆగిపోయారు.

"మీ అమ్మగారి పేరేంటమ్మా?"

చెప్పాను.

"మరి మెమోలో ఇంకో పేరుందేంటి?"

"అది మా పెద్దమ్మ పేరండి."

"డబ్బులు పడేది తల్లి అకౌంట్లో. రెండుచోట్లా ఒకే పేరు లేకపోతే కంప్యూటర్ తీసుకోదమ్మా. నేనేం చేయను?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మేం చర్చికి వెళ్లేవాళ్లమే అయినా, ఆ సామెత మా ఇంట్లో బాగానే చలామణీ అవుతుంది. ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ మిషను తొక్కడం ఆపేసి, ఆ రోజుకు మళ్లీ ముట్టుకోలేదు.

ఆ పేరు మెమోలోకి ఎలా వచ్చిందో మా చుట్టాలందరికీ తెలిసిన కథే. నన్ను ఒకటో తరగతిలో చేర్చిన రోజు హెడ్మాస్టరుగారు "మీ అమ్మ పేరేంటి?" అనడిగితే పెద్దమ్మ పేరు చెప్పాను. పెద్దమ్మంటే పెద్ద అమ్మే కదా, చిన్నపిల్ల, పొరపాటు పడిందని అందరూ నవ్వుకునేవాళ్లు. మరి పక్కనే ఉండి నువ్వెందుకు దిద్దలేదని అడిగితే పెద్దమ్మ, "సారు పెన్నుతో రాసేశారు. కొట్టివేతలుంటే ఏం బాగుంటుంది?" అనేది. ఒక్క కుట్టు వంకరపోతే జాకెట్టంతా విప్పేసే మనిషి ఆ మాటనేది.

ఇద్దరూ నోటరీ దగ్గర అఫిడవిట్ ఇస్తే సరిపోతుందని క్లర్కు సారే దారి చూపించారు. బుధవారం అమ్మ రేపల్లె నుంచి వచ్చింది. ముగ్గురం కోర్టు దగ్గర టైపు చేసే అతని బల్ల ముందు కూర్చున్నాం. అతను మా గోడంతా విని, చకచకా కొట్టి, కాగితం పెద్దమ్మ చేతికిచ్చాడు.

"'పై విద్యార్థినికి నేను తల్లిని కాను' అని ఉందండి. ఇక్కడ సంతకం పెట్టండి."

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. పెన్ను తీసుకుంది, కాగితం మీద ఆనించింది, సంతకం మాత్రం పెట్టలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి నోరు తెరవకపోవడం నేను చూసింది అప్పుడే. నాకు భయమేసింది. ఇంక రెండు రోజులే ఉన్నాయన్న భయం కొంత, ఆమెను చూస్తే వచ్చిన భయం కొంత.

"పెట్టొద్దక్కా," అంది అమ్మ.

అమ్మ అతని వైపు తిరిగింది.

"బాబూ, 'తల్లిని కాను' అన్నదానికి ముందు 'కన్న' అని చేర్చండి."

"రెండింటికీ అర్థం ఒకటేనండి."

"ఒకటే అయితే చేర్చడానికి మీకేంటండి కష్టం?"

మా అమ్మ ఎవరితోనైనా అంత గట్టిగా మాట్లాడగా అంతకుముందు వినలేదు. అతను గొణుక్కుంటూనే మళ్లీ కొట్టాడు. 'నేను కన్న తల్లిని కాను.' ఈసారి పెద్దమ్మ సంతకం పెట్టింది. ఆ కింద అమ్మ పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. టైపు చేసే అతను పాపం, డబ్బులెక్కువ అడిగినందుకేమో అనుకుని పది రూపాయలు తగ్గించాడు.

గురువారం అప్లికేషన్ వెళ్లింది. కొన్నాళ్లకు మంజూరైనట్టు అమ్మ ఫోనుకు మెసేజ్ వచ్చింది. కాలేజీలో చేరే రోజు పెద్దమ్మ రాలేదు. పెళ్లి జాకెట్లు ఇవ్వాలంది గానీ, అందరి ముందూ ఏడవాల్సి వస్తుందని రాలేదు. నన్ను దింపడానికి అమ్మ వచ్చింది. తెనాలిలో ఇద్దరం రైలెక్కాం. అమ్మతో ఒక్కదాన్నే ప్రయాణం చేయడం నాకు అదే మొదలు. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా, చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు బళ్లో నేను పొరపాటున చెప్పలేదు. నీ పేరు నాకు తెలుసు. నన్ను వదిలేసి వెళ్లావని కోపమొచ్చి పెద్దమ్మ పేరు చెప్పా."

అమ్మ కిటికీలోంచి పొలాల వైపే చూస్తోంది.

"తెలుసమ్మా," అంది.

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు నేనూ వచ్చా. తమ్ముణ్ని ఎత్తుకుని గుమ్మంలోనే ఉన్నా. నువ్వు నన్ను చూసి మరీ చెప్పావు."

ఆమె అక్కడ ఉన్నట్టు నాకసలు గుర్తే లేదు.

"మరి లోపలికొచ్చి సారుకు చెప్పలేదేం?"

"చెబుదామనే అడుగేశా. అప్పుడు అక్క మొహం చూశా. పెళ్లినాడు కూడా అంత సంతోషంగా లేదు. ఇంకేం చెప్తాను?"

బాపట్ల వచ్చేదాకా నేను అమ్మ చేయి వదల్లేదు.