కంచంలో కోనెం తలకాయ

సునామీ అల నన్ను కొబ్బరిచెట్టు మీద కూర్చోబెట్టి పోయిందనీ, పాత ఫ్రిజ్‌లో కూర్చుని హార్బర్ దాటాననీ మా ఊరు బాంబూఫ్లాట్‌లో చాలామందికి చెప్పాను. అవి వేరు. ఇది మాత్రం, నన్ను ముంచకుండా వదిలేసిన సముద్రం మీద ఒట్టు, అక్షరం అక్షరం నిజం.

అల వెళ్లాక మా అన్నయ్యకి పడవ లేదు, కుడి మోకాలు వంగదు. వదిన బజార్లో చేపలు కోసి కూలి తెస్తేనే కూడు. రేకుల షెడ్డులో అమ్మ, వాళ్లిద్దరూ, వాళ్ల పదేళ్ల కూతురు, నేను. గుడారంలో పెట్టిన బడికి పిల్ల వెళ్లేది. నేను కబుర్లు వినేవాళ్ల కోసం తిరిగేవాణ్ణి.

రాత్రంతా ఇంటికి పోకుండా తిరిగి, ఒక ఉదయం ఫెర్రీ దిగి అవతలి ఒడ్డున ఉన్న అబర్డీన్ బజార్‌కి వెళ్లాను. చేపలు కోసే ఆడవాళ్ల వరసలో, కత్తిపీట ముందు, మా అన్న కూతురు. బడి గౌను మీద గోనెముక్క కట్టుకుంది. బుట్టలు దాటుకుంటూ దాని దగ్గరికి వెళ్లాను.

"ఏటే, బడి నేదా?" అన్నాను.

"అమ్మకి జొరం సిన్నాన్నా. ఎవులూ రాకపోతే పీటలిచ్చే దీదీ ఈ పీట ఇంకొకలికి ఇచ్చెత్తాదట. అమ్మ లేసేదాకానే. జరుగు, బుట్ట ఎత్తాల."

'లేసేదాకానే' అన్న ఆ మాట నాదే. నాన్న దగ్గుతో మంచం పట్టినప్పుడు, పడవలో ఆయన చోటు పోకుండా, నీళ్లు తోడే పనికి తొమ్మిదో ఏట నేను ఎక్కాను, నాన్న లేచేదాకానే అని. తాత జబ్బు పడ్డప్పుడు నాన్న ఎక్కిందీ అలాగే. ఇద్దరం మళ్లీ బడి మొహం చూడలేదు.

మా ఇంట్లో పిల్లలకి తోకముక్కే వేస్తారు. తొలిసారి పనికి వెళ్లొచ్చిన రోజు మాత్రం తలకాయ వాళ్ల కంచంలో పడుతుంది. అది తిన్నవాళ్లు ఇక పనివాళ్ల కింద లెక్క.

ఆ మధ్యాహ్నం అమ్మ కూరలోంచి కోనెం చేప తలకాయ తీసి పిల్ల కంచంలో వేసింది.

"నా సెయ్యే వచ్చినాది దీనికి. ముల్లు దిగినా కిక్కురుమన్నేదంట," అంది మురిసిపోతూ. అన్నయ్య రేకుల గోడవైపు తిరిగాడు. వదిన జ్వరంలోనే నవ్వింది.

నేను చెయ్యి చాపి ఆ తలకాయ లాక్కుని, కళ్లతో సహా నమిలేశాను.

"సిగ్గు నేదేట్రా, పిల్ల కట్టం తింటావా?" అంది అమ్మ.

"తిన్నోడే పనోడు కదే. రేపట్నించి పీట నాది."

మర్నాడు ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. "భయ్యా, మీసాలకి పొలుసులు అంటుకుంతాయి, సూసుకో," అని నవ్వారు. పిల్ల బడికి వెళ్లింది.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. తలకాయ లాక్కోవడం దగ్గర్నుంచి ఇక్కడిదాకా కల్పించాను. మిగతాదంతా నిజం. నేను చెయ్యి చాపనే లేదు, అన్నం కలుపుకుంటూ చూస్తూ కూర్చున్నాను. పిల్ల ఆ తలకాయని రెండుగా విరిచి, లోపలిదంతా పీల్చి, ఎముకలు కంచం అంచున పేర్చింది. చెయ్యి కడుక్కొచ్చి, "మామ్మా, రేపు తొలి ఫెర్రీకి లేపీ," అంది.